నీళ్లే కదా అని పోశాం

నా బండిలో రెండేళ్లపాటు థర్మోస్టాట్, అంటే ఇంజను నీళ్ల వేడిని అదుపులో పెట్టే చిన్న తలుపు, లేదు. ఆ సంగతి నాకు తెలీదు. తెలిసిన రోజున బాగా కోపం వచ్చింది కానీ ఎవరి మీద చూపించాలో తేలలేదు, ఎందుకంటే దాన్ని పీకేసిన మేస్త్రి నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు, ఇంజను వేడి చూపించే ముల్లు ఎప్పుడు చూసినా కిందే ఉంటోందని నేనూ మురిసిపోయాను.

బండి సంగతి ముందు చెప్పాలి. పాత స్కూలు బస్సు, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను, పదిహేనేళ్లు పిల్లల్ని మోసి మోసి మా చేతికొచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టేవాళ్ల దగ్గర పెట్టి, లోపల రెండు మంచాలు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, ఇన్వర్టర్, పైన నీళ్ల ట్యాంకు వేయించాం. ఆర్సీలో మార్పు రాయించుకోవడం విడిగా ఒక వ్యాసమంత కథ, దాని జోలికి ఇప్పుడు పోను. నేను మోటార్‌హోమ్ అంటాను, అమ్మ ‘ఇల్లు బండి’ అంటుంది, గుంటూరులో మా వీధి వాళ్లు మాత్రం ఎన్నికలప్పుడు అద్దెకిస్తారా అని అడుగుతారు.

పాత డీజిల్ బండి వేడెక్కి ఆగిపోతే మనం వెంటనే ఎండని తిడతాం. అసలు బెజవాడ అంటేనే బ్లేజ్‌వాడ కదా, రోహిణి కార్తెలో రోళ్లే పగులుతుంటే ఇంజను ఒక లెక్కా, అని సరిపెట్టుకుంటాం. ఇది తప్పు అని చెప్పడానికే ఇంత రాస్తున్నాను. లెక్క చూడండి. ఇంజనులో నీళ్లు 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంటాయి. బయట 30 ఉంటే రేడియేటర్‌కి వేడి వదలడానికి 60 డిగ్రీల తేడా ఉంటుంది, రెంటచింతల ఎండలో 45 ఉంటే ఆ తేడా కూడా 45కి పడిపోతుంది. అంటే పోయింది పావు వంతు. ఒంట్లో సత్తా ఉన్న రేడియేటర్ ఆ పావు వంతుని తట్టుకుంటుంది. లోపల సున్నం పట్టి, బయట చెత్త పట్టి సగం మూసుకుపోయిన రేడియేటర్ తట్టుకోలేదు. కాబట్టి ఎండ చేసేది చాడీ చెప్పడమే, మనం ఏళ్ల తరబడి చేసిన పనిని ఒక్క మధ్యాహ్నంలో బయట పెట్టేస్తుంది.

మా బండి గుట్టు దోర్నాల ఘాట్‌లో బయటపడింది. పోయినేడాది మే నెలాఖరు. గుంటూరులో పొద్దున్నే బయలుదేరి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల చేరేసరికే మిట్టమధ్యాహ్నం అయింది, ఆగుదామని అమ్మ అంది, చీకటి పడకముందే శ్రీశైలం చేరాలని నేనే తొందరపడ్డాను. నల్లమల మలుపులు మొదలైన కాసేపటికి ముల్లు సగం దాటింది. ఏసీ ఆపాను. ఇంకాస్త పైకి వెళ్లింది. తర్వాత మెల్లగా కిందకి దిగడం మొదలుపెట్టింది, దిగి దిగి మామూలు చోటుకి వచ్చేసింది, హమ్మయ్య అనుకున్నాను, పైగా మా ఆవిడతో “చూశావా, ఏసీ ఆపితే చాలు” అని గొప్పగా అన్నాను కూడా.

ఆ ముల్లు దిగింది ఇంజను చల్లబడి కాదు, నీళ్లు అయిపోయి. వేడి కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు పోయి దాని చుట్టూ గాలీ ఆవిరీ మిగిలితే, పక్కన ఇనుము మాడిపోతున్నా అది తక్కువే చూపిస్తుంది. పాత బండి తోలేవాళ్లు ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటామంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఘాట్ ఎక్కుతుండగా, ఏ కారణమూ లేకుండా ముల్లు దిగితే సంబరపడొద్దు, పక్కకి తీసి ఆపేయండి.

నేను ఆపలేదు. రెండు మలుపుల తర్వాత బండి లాగడం మానేసింది, ఇంజను లోంచి రాళ్లు ఆడించినట్టు చప్పుడు. అమ్మ వెనక నుంచి “ఏదో మాడుతోందిరా” అంది. డ్రైవరు పక్కన ఇంజను మీదుండే రేకు మూత ఎత్తితే ఆవిరి మొహాన కొట్టింది. బొటనవేలంత లావున్న చిన్న హోస్ ఒకటి బారుగా చీలి ఉంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కోతులు మాత్రం చుట్టూ చేరి మా అరటిపళ్ల సంచీ వైపు చూస్తున్నాయి. ఆ సాయంత్రం ఎలా గడిచిందో, టోయింగ్ బండి ఎలా తెచ్చుకున్నానో వదిలేస్తాను, మూడో రోజుకి బండి ఆటోనగర్‌లో ఉంది.

ఈసారి వేరే మేస్త్రి, వయసులో పెద్దాయన. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ విప్పాడు. రెండో సిలిండర్‌కీ మూడోదానికీ మధ్య, హెడ్ కింద పరిచే గ్యాస్కెట్ కాలి నల్లబడిపోయింది, అది అనుకున్నదే. ఆయన దాన్ని చూడనే లేదు. నీళ్లు తిరిగే సందుల్లోకి స్క్రూడ్రైవర్ పెట్టి గీకాడు, గోధుమ రంగు పెంకులు గుడ్డు పెంకుల్లాగా ఊడి పడ్డాయి. ఇంట్లో గీజర్ విప్పినప్పుడు రాడ్ మీద చూస్తాం చూడండి, అచ్చం అదే. తర్వాత థర్మోస్టాట్ ఉండాల్సిన గూడు విప్పి లోపల వేలు పెట్టి తిప్పి, “ఇక్కడుండాల్సింది ఏదండీ?” అని నన్నే అడిగాడు.

అక్కడితో మా బాబాయితో గొడవ మొదలైంది. బాబాయి ముప్పై ఏళ్లు లారీ తోలాడు. కలకత్తా, నాగపూర్, మద్రాసు, అన్ని లైన్లూ తిరిగాడు.

“ఒరేయ్, థర్మోస్టాట్ మంచు కురిసే దేశాల వాళ్లకిరా. మనకెందుకు? నేను ఏనాడైనా ఆ పచ్చరంగు నీళ్లు పోశానా? కాలవ నీళ్లు పోసే తిరిగాను.”

“మరి నీ లారీ ఇంజను అరిగిపోయిందని ఎన్నాళ్లకోసారి బోర్ చేయించేవాళ్లు బాబాయ్?”

“బోర్ చేయించడం మామూలేగా!”

అదిగో, ఆ ‘మామూలే’ దగ్గరే నా గొడవంతా. మన దగ్గర మేస్త్రీలు థర్మోస్టాట్ పీకేయడం వెనక కారణం లేకపోలేదు, అది ఒప్పుకోవాలి. ఉప్పునీళ్లు పోసీ పోసీ అది బిగుసుకుపోయేది, మూసుకున్న చోటే ఉండిపోతే ఇంజను నిమిషాల్లో ఉడికిపోయేది, అడవి మధ్యలో కొత్తది దొరకదు, పీకి పారేస్తే బండి కదిలేది. ఆ రాత్రికి అది తెలివైన పనే. తర్వాత పొద్దున ఊరు చేరాక కొత్తది వేయకపోవడమే తప్పు, ఆ తప్పే ఇప్పుడు శాస్త్రంలాగా చలామణీ అవుతోంది.

థర్మోస్టాట్ లోపల మైనం నింపిన చిన్న డబ్బీ ఉంటుంది. చాలా డీజిల్ ఇంజన్లలో 82 డిగ్రీల దగ్గర ఆ మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది, అప్పటిదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఇంజనులోనే తిప్పుతుంది. అది లేకపోతే ఇంజను మామూలుగా చల్లగానే నడుస్తుంది, వినడానికి మంచిదే అనిపిస్తుంది, కానీ చల్లటి ఇంజనులో డీజిల్ పూర్తిగా మండదు, మసి పెరుగుతుంది, ఆయిల్ బురదవుతుంది, అరుగుదల ఎక్కువవుతుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది. ఇంకో సంగతి నాకు పెద్దాయన విప్పి చూపించేదాకా తెలీదు. మా బండిలో ఉన్న రకం థర్మోస్టాట్‌కి కింద ఇంకో బిళ్ల ఉంటుంది. పైతలుపు తెరుచుకునే కొద్దీ ఆ బిళ్ల కిందికి జరిగి, ఇంజనులోనే తిరిగే అడ్డదారిని మూసేస్తుంది, అప్పుడు నీళ్లన్నీ రేడియేటర్‌కే పోతాయి. మొత్తం పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. మామూలు రోడ్డు మీద పర్వాలేదు, ఘాట్‌లో బరువు పడ్డప్పుడు మరుగుతున్న నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహమే చూడకుండా తిరిగి ఇంజనులోకి వచ్చేస్తుంది. చల్లగా ఉండాలని పీకింది, సరిగ్గా అవసరమైన చోట వేడెక్కించింది. నల్లమలలో చీలిన ఆ చిన్న హోస్ ఏదో తెలుసా, ఆ అడ్డదారి హోసే.

కొత్తది బిగించే ముందు పరీక్ష చేశాను. పాత పాలగిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి, పొయ్యి వెలిగించి థర్మామీటర్ పెట్టుకుని కూర్చున్నాను. 80 దాకా ఉలుకూ పలుకూ లేదు. 82, 83 దగ్గర అంచున వెంట్రుకంత సందు కనిపించింది, 90 దాటేసరికి వేలు పట్టేంత తెరుచుకుంది. మా ఆవిడ చూసి ఆ గిన్నె ఇంక వంటింట్లోకి తేవద్దంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మా ఇంటి బోరు నీళ్లని టీడీఎస్ మీటర్‌తో, అంటే నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేదానితో, చూస్తే 1100 దాటింది. పల్నాడు వైపు అయితే భూమంతా సున్నపురాయే, పిడుగురాళ్లలో సున్నం బట్టీలు ఊరికే పెట్టలేదు. ఆ బోరు నీళ్లు కాగిన ప్రతిసారీ అందులోని సున్నం వేడి ఎక్కువున్న చోటే, అంటే సిలిండర్ గోడల మీదా హెడ్‌లోనూ, పేరుకుంటుంది. ఆవిరైపోయిన నీళ్ల బదులు మళ్లీ అవే పోస్తాం, నీళ్లు పోతాయి, సున్నం ఉంటుంది. సున్నం వేడిని పోనివ్వదు, ఇనుముకి దుప్పటి కప్పినట్టే. పోనీ అని డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోసినా చాలదు, సున్నం పట్టదు కానీ తుప్పు పట్టకుండా ఆపే మందు అందులో లేదు.

కూలెంట్ అంటే మంచు గడ్డకట్టకుండా వేసేదనే మనవాళ్ల నమ్మకం. గడ్డకట్టదు నిజమే, సగానికి సగం కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది, మనకి లంబసింగిలో కూడా దాంతో పని పడదు. మనక్కావాల్సింది అందులోని మిగతా రెండు గుణాలు, తుప్పు ఆపడం, మరిగే డిగ్రీ పెంచడం. ఇక్కడ బాబాయి మాటలో కొంత న్యాయం కూడా ఉంది. వేడిని మోసుకుపోవడంలో మంచినీళ్లని మించింది లేదు, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ అనే ద్రవం ఎక్కువైన కొద్దీ ఆ మోసే శక్తి తగ్గుతుంది, అందుకే చిక్కగా ఉంటే మంచిదని నీళ్లు కలపకుండా పోసేవాళ్లు కూడా తప్పే చేస్తున్నారు. ఇంకో పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. ‘రెడీ టు యూజ్’ అని రాసి ఉన్న డబ్బాలో నీళ్లు ముందే కలిపి ఉంటాయి. బాబాయి దానికి ఇంకో డబ్బాడు బోరు నీళ్లు కలిపి, పొదుపు చేశానని చెప్పాడు.

రంగు చూసి కొనకండి. పచ్చ, ఎరుపు, నీలం అనేవి కంపెనీల ఇష్టం, వాటికి ఉమ్మడి నియమం లేదు. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు లోపలి మందులు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. డబ్బా మీద డీజిల్‌కి, పెద్ద బండ్లకి అని ఉందా లేదా చూడండి, ఎందుకంటే ఇంకో పీడ ఉంది.

పెద్దాయన లైనర్, అంటే పిస్టన్ ఆడే ఇనుప గొట్టం, బయటికి లాగి నా చేతిలో పెట్టి, “ఇక్కడ వేలు పెట్టండి” అన్నాడు. ఒక పక్కన నిలువుగా గరుకు గరుకుగా తగిలింది. వెలుతురులో చూస్తే పెన్సిల్ మొనతో పొడిచినట్టు గుంటలు, పైనించి కిందికి ఒకే వరసలో. తుప్పనుకున్నాను, కాదట. డీజిల్ పేలిన ప్రతిసారీ పిస్టన్ లైనర్ గోడని ఒక పక్కకి తంతుంది, గోడ అదురుతుంది, ఆ అదురుకి అవతలి నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి వెంటనే గోడ మీదే పగులుతాయి. ఒక్క బుడగ ఏమీ చేయదు. నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు, ఏళ్ల తరబడి. చివరికి గోడకి చిల్లు పడి నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. లైనర్ నేరుగా నీళ్లలో మునిగి ఉండే ఇంజన్లకే ఈ బాధ. డీజిల్ కోసం చేసిన కూలెంట్‌లో నైట్రైట్ లాంటివి వేసేది దీనికోసమే, గోడ మీద పలచటి పొర కట్టి బుడగ దెబ్బని అది తింటుంది. కారు కూలెంట్‌లో అది ఉండకపోవచ్చు, బోరు నీళ్లలో అసలుండదు. నాలుగు లైనర్లూ మార్చాం. అన్నీ కలిపి 68 వేలు. ఆ రెండేళ్లకీ మంచి కూలెంట్ పోసి ఉంటే అయ్యే ఖర్చు నాలుగు వేలు దాటేది కాదు.

పాత నీళ్లు మార్చేటప్పుడు కొలిచి చూడండి. మా బండిలో మొత్తం 16 లీటర్లు పడుతుంది, రేడియేటర్ కింద బిరడా విప్పితే వచ్చింది తొమ్మిది. మిగతా ఏడు ఇంజను దిమ్మలోనే ఉండిపోతాయి, దానికి విడిగా పక్కన బోల్టు ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. లోపల కడగడానికి బాత్రూం యాసిడ్ పోసేవాళ్లని చూశాను, అది సున్నంతో పాటు అతుకుల్ని కూడా తినేస్తుంది. తీసేసిన పాత కూలెంట్‌ని ఏలూరు కాలవలోనో వీధి కాలవలోనో పారబోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కిడ్నీలు పోయి చస్తాయి.

లోపలి సున్నం ఒకెత్తు, బయటి చెత్త ఒకెత్తు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) లారీ వెనకాల ఎప్పుడైనా తోలారా? పత్తి లారీ వెనకాల? ఏసీ కండెన్సర్ ముందుంటుంది, దాని వెనక రేడియేటర్. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. రెండింటి మధ్య సందులో టార్చి వేసి చూస్తే దూది, మిర్చి తొక్కలు, వరిపొట్టు, ఇంజను ఊపిరి గొట్టం లోంచి వచ్చిన ఆయిల్ తుంపర కలిసి చిన్న పరుపు తయారై ఉంది. ఇంజను వెనకుండే అమెరికా తరహా మోటార్‌హోముల్లో ఇది ఇంకా ఘోరం, వెనక చక్రాలు లేపిన దుమ్మంతా నేరుగా రేడియేటర్ మీదికే పోతుంది. ప్రెషర్ వాషర్ పెట్టి కొడితే రెక్కలు వంగిపోయి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. జిడ్డు వదిలే ద్రావకం చల్లి, నానబెట్టి, మామూలు పైపుతో ఇంజను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, గాలి వచ్చే దారికి ఎదురుగా. మొదటిసారి చేసినప్పుడు ముందు ఎర్రటి నీళ్లు, తర్వాత నల్లటి నీళ్లు వచ్చాయి, ఆ ఎర్రటి నీళ్ల ఘాటుకి నేనూ పక్కింటి వాళ్లూ పావుగంట తుమ్ముతూనే ఉన్నాం.

బండిని ఇల్లు చేసుకున్నవాళ్లకే వచ్చే తంటా ఇంకోటుంది, కరెంటు. మా ఇన్వర్టర్ ఎర్త్ వైరుని బాడీ కట్టినవాళ్లు రేడియేటర్ ఫ్రేముకి బిగించారు, దగ్గరగా ఉందని. ఎర్త్ సరిగ్గా లేకపోతే కరెంటు కూలెంట్ గుండా దారి వెతుక్కుంటుంది, ఆ దారిలో లోహాన్ని తినేస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, మల్టీమీటర్ నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి పెట్టి, ఎర్రదాన్ని కూలెంట్‌లో ముంచి, ఫ్రిజ్జూ ఫ్యాన్లూ ఒక్కొక్కటే ఆన్ చేస్తూ చూడండి. 0.3 వోల్టు దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టు. మాది 0.6 చూపించింది. వైరు తీసి నేరుగా బ్యాటరీకి వేశాక దాదాపు సున్నాకి వచ్చింది.

రేడియేటర్ మూత గురించి ఎవరూ పట్టించుకోరు కానీ కుక్కర్‌కి వెయిట్ ఎంతో దీనికి మూత అంత. మంచి మూత 0.9 బార్ ఒత్తిడి నిలిపితే మంచినీళ్లు కూడా 118 దాకా మరగవు. స్ప్రింగు నీరసించిన మూతతో వందకే కుతకుత. ఇంజను చల్లారాక పై హోస్ చప్పగా అణిగిపోయి కనిపిస్తే మూతలో గాలి లోపలికి పీల్చే చిన్న వాల్వు పాడైందని అర్థం. హోసులు పైకి బాగానే ఉండి లోపల కుళ్లుతాయి, చల్లగా ఉన్నప్పుడు నొక్కితే మెత్తగా పిండిలా తగిలినా, కరకరమన్నా మార్చేయడమే. వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంటుంది, అక్కడ కారిన మరక కనిపిస్తే పంపు సెలవు చీటీ పంపినట్టే, ఆ కన్నానికి ఎంసీల్ పెట్టినవాణ్ని కూడా చూశాను.

ఘాట్‌లో పై గేరులో ఈడ్చకండి. ఇంజనుకి కష్టం తగ్గుతుందని చాలామంది అలా చేస్తారు, నిజానికి పంపూ ఫ్యానూ తిరిగేది ఇంజను వేగాన్ని బట్టే. కింది గేరు వేసి కాస్త గట్టిగా తిప్పితేనే నీళ్లూ గాలీ ఆడతాయి. నీళ్లున్నాయి, ముల్లు మాత్రం ఎక్కుతోంది అంటే ఆగి, ఇంజను ఆపకుండా బరువు లేకుండా కాసేపు తిరగనివ్వండి. నీళ్లే పోయాయంటే వెంటనే ఆపేయాలి, గంట ఆగందే మూత ముట్టుకోకూడదు, కాలిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది. ఇప్పుడు మా బండిలో నీటిమట్టం తగ్గగానే అరిచే బజర్ పెట్టించాను, ముల్లుని నమ్మడం మానేశాను.

బాబాయి థర్మోస్టాట్ విషయంలో ఇప్పటికీ ఓడిపోలేదు, ఓడిపోడు కూడా. ఆయన్ని ఒక్కమాట అనలేను, ఎందుకంటే ఆయన నీళ్లు చెడ్డవే కానీ శ్రద్ధ గట్టిది. రోజూ తెల్లారగానే మూత తీసి చూసేవాడు, బెల్టుని వేలితో నొక్కేవాడు, కింద చుక్క పడిందేమో వంగి చూసేవాడు. నేను రెండేళ్లలో ఆ మూత ఎన్నిసార్లు తీశానో చెప్పడానికి ఒక చేతి వేళ్లు చాలు. ఈ జనవరిలో మళ్లీ శ్రీశైలం వెళ్లినప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్లాం. దోర్నాలలో టీ తాగి వచ్చేసరికి బండి కింద వంగి ఉన్నాడు, “చుక్క లేదురా, పోనీ” అన్నాడు. వెనక అరలో కలిపి ఉంచిన కూలెంట్ అయిదు లీటర్లు ఉంది, పచ్చగా షర్బత్‌లా ఉంటుంది, పైగా తీపి, పిల్లలున్న బండి. అమ్మ ఆ డబ్బా మీద మార్కర్‌తో ‘ఇది తాగేది కాదు’ అని రాసి, పుర్రె బొమ్మ గీయడం రాక కింద ఒక దయ్యం బొమ్మ గీసింది.